తుప్పు తీసిన తర్వాత పది నిమిషాలు

వంటింటి సామాను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానలు మొదలయ్యాక ఇనప పెనాలు, మూకుళ్ళు, కార్బన్ స్టీల్ కడాయిలు తుప్పు పడుతున్నాయని ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. దాదాపు అందరూ అడిగేది తుప్పు ఎలా వదిలించాలనే. నిజానికి అది కష్టమైన పని కాదు. తుప్పు వదిలిన క్షణం నుంచి ఇనుము మీద రక్షణ ఏమీ ఉండదు. అప్పుడు వెంటనే ఆరబెట్టి నూనె పట్టించకపోతే అంతవరకు పడ్డ శ్రమ వృథా అవుతుంది. ఉత్తరాల్లో కనిపించిన ఇబ్బందుల్లో చాలావరకు అక్కడ వచ్చినవే.

మా అత్తగారి కాలం నాటి ఇనప మూకుడు అటక మీద ఏళ్ళ తరబడి ఉండిపోయింది. లోపలా బయటా ఎర్రగా తుప్పు, గోకితే పొడి రాలుతోంది. మళ్ళీ వంటకు పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

చాలావరకు పనికొస్తుందండీ. మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు చేయండి. మూకుడును చెవి పట్టి వేలాడదీసి అట్లకాడతో తట్టండి. ఖంగుమని మోత సాగితే బాగున్నట్టే. బొంగురుగా వచ్చి ఠక్కున ఆగిపోతే ఎక్కడో బీట ఉందని అనుమానించాలి. పోత ఇనుములో బీట ఉంటే వేడి చేసిన ప్రతిసారీ అది ఇంకాస్త పాకుతుంది కాబట్టి అలాంటిది వాడకపోవడమే మంచిది. తర్వాత మూకుడును వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. సూదిమొనంత వెలుగు కనబడినా తుప్పు అక్కడ ఇనుమును పూర్తిగా తినేసినట్టే. మధ్యలో దాన్ని ఎవరైనా రంగులు కలపడానికో, సీసం కరిగించడానికో వాడి ఉంటారన్న అనుమానం ఉంటే మాత్రం తుప్పు సంగతి పక్కన పెట్టి, వంటకు వాడనే వద్దు.

ఈ పరీక్షల్లో నిలిస్తే, ముందు పొడిగానే గోకండి. తడపకుండా స్టీలు పీచుతో రుద్దితే పైపై తుప్పు పొడి రాలిపోతుంది. పొడి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకుని ఆరుబయట చేయండి. తర్వాత వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బుతో బాగా కడగండి. పాత జిడ్డు పైన ఉంటే పులుపు లోపలి తుప్పు దాకా దిగదు, అందుకే సబ్బు ముందు, పులుపు తర్వాత.

ఇప్పుడు వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి, మూకుడు మునిగే టబ్బులో పోయండి. వెనిగర్ బదులు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కూడా వాడవచ్చు, లీటరు నీళ్ళకు రెండు పెద్ద చెంచాలు. ప్లాస్టిక్ టబ్బు వాడండి, అల్యూమినియం వద్దు. ఇరవై నిమిషాలకొకసారి తీసి పీచుతో రుద్ది, ఎంత వదిలిందో చూసి మళ్ళీ ముంచండి. రాత్రంతా నానబెట్టి పడుకోవద్దు. పులుపు తుప్పుతో ఆగదు, తుప్పు అయిపోయాక ఇనుమునే తింటుంది. బయటపడ్డ బూడిదరంగు ఇనుము మీద సన్నటి బుడగలు తేలుతున్నాయంటే అది మొదలైందని గుర్తు, వెంటనే తీసేయాలి. మొండి తుప్పైనా ఇలా మూడు నాలుగు విడతల్లో వదులుతుంది. గుంటల అడుగున మిగిలిన ఎరుపును 220 నంబరు ఎమరీ కాగితంతో తీయండి. గుంటలన్నీ చదును కావాలని ఇనుమును అరగదీయనక్కర లేదు. వాటిలో తుప్పు లేకపోతే చాలు, నూనె పొర అవి కొద్దికొద్దిగా పూడేలా పేరుకుంటుంది.

బయటికి తీశాక పులుపు విరగాలి. లీటరు నీళ్ళకు రెండు చెంచాల తినే సోడా కలిపి మూకుడంతా తడిపి, రెండు నిమిషాలు ఉంచి, మంచి నీళ్ళతో కడగండి. ఇక్కడి నుంచి మధ్యలో ఇంకో పని పెట్టుకోవద్దు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. స్టవ్ మీద పెట్టి చిన్న మంట మీద చెవుల సందుల్లో తడి కూడా ఎగిరిపోయే దాకా కాచండి. గుడ్డ ఎంత పొడిదైనా ఇనుము గరుకులో చెమ్మ మిగులుతుంది, వేడితోనే అది పోతుంది. ఈలోపే పసుపుపచ్చని మచ్చలు వస్తే కంగారు పడకండి, అది అప్పుడే పుట్టిన తుప్పు, నూనె గుడ్డతో తుడిస్తే పోతుంది.

మూకుడు చేత్తో తాకలేనంత వేడెక్కగానే అరచెంచా నూనె వేసి, మడిచిన నూలు గుడ్డను పట్టకారుతో పట్టుకుని లోపల, బయట, చెవులకు పట్టించండి. తర్వాత ఇంకో పొడి గుడ్డతో ఆ నూనెనంతా తుడిచేయండి, పొరపాటున నూనె వేశాం అన్నంత గట్టిగా. తుడవగా మిగిలినదే మనకు కావలసిన పొర. మధ్యస్థ మంట మీద పొగ వచ్చి, ఆ పొగ తగ్గే దాకా, సుమారు పది నిమిషాలు కాచండి. కిటికీలు తెరిచి ఉంచండి. మూకుడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అంచులు కూడా కాగేలా పక్కలకు వంచి తిప్పుతూ ఉండాలి. చల్లారనిచ్చి మళ్ళీ నూనె, మళ్ళీ తుడుపు, మళ్ళీ పొగ. నాలుగు విడతలకు గోధుమ రంగు దాటి నలుపుకు తిరుగుతుంది. మొదటి వంటలుగా వడియాలు, అప్పడాలు, పకోడీలు వేయించండి. పులుసులు, టమాటా కూరలు కనీసం నెల రోజుల దాకా అందులో వద్దు.

చింతపండు గుజ్జు రాత్రంతా పట్టించి ఉంచితే తుప్పు పోయింది, కానీ పెనం నల్లగా అయింది. రెండు రోజులకే మళ్ళీ ఎర్రబడింది. మా అమ్మమ్మ మాత్రం గంజి పోసేది. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, తెనాలి

చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం, తుప్పును బాగానే కరిగిస్తుంది. రాత్రంతా ఉంచడం వల్లే చెడింది. తుప్పు పోయాక మిగిలిన గంటలన్నీ ఆ పులుపు పెనాన్ని తిని గరుకు చేసింది, పాత నూనె పొరనూ వదిలించేసింది. గరుకుబారిన ఇనుము చెమ్మను ఎక్కువ పట్టి ఉంచుతుంది. పైగా గుజ్జు పీచులు గుంటల్లో ఉండిపోతే అక్కడ పులుపు పని చేస్తూనే ఉంటుంది. ఈసారి గుజ్జు పలచగా పట్టించి అరగంటకే కడిగేసి, పైన కాకినాడ పాఠకురాలికి చెప్పినట్టు సోడా నీళ్ళు, వేడి, నూనె వరసలో చేయండి.

అమ్మమ్మగారి పద్ధతి నెమ్మదైనదే గాని మంచిది. పులిసిన గంజిలోనూ, బియ్యం కడిగిన నీళ్ళలోనూ ఉండే లాక్టిక్ ఆమ్లం వెనిగర్ కన్నా మెత్తగా పని చేస్తుంది. కొత్త పెనం మీద కొట్టు నుంచి వచ్చిన నల్ల మడ్డి, లేత తుప్పు దానికి చక్కగా వదులుతాయి. రోజూ గంజి మార్చి, మార్చిన ప్రతిసారీ కొబ్బరి పీచుతో రుద్దాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది. నీళ్ళ మట్టం దగ్గర అంచు గాలికి, తడికి మధ్య ఉండి వలయంలా తుప్పు పడుతుంది కాబట్టి పెనం పూర్తిగా మునగాలి. పొరలు పొరలుగా లేచిన పాత తుప్పుకు మాత్రం గంజి చాలదు.

కొత్త కార్బన్ స్టీల్ కడాయికి బాగా నూనె పోసి సీజనింగ్ చేశాను. బంక బంకగా అయింది. కడిగితే ఆ బంక పెచ్చులుగా లేచి కింద తుప్పు చుక్కలు కనిపిస్తున్నాయి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

నూనె ఎక్కువైంది, వేడి తక్కువైంది. వేడి మీద నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టి పొరగా మారుతుంది, అదే సీజనింగ్. పొర మందంగా ఉంటే పైన మాత్రమే గట్టిపడి లోపల బంకగా మిగులుతుంది, ఇనుమును పట్టుకోదు. ఇంకో కారణం కూడా ఉండి ఉండవచ్చు. కొత్త కడాయిలకు దారిలో తుప్పు పట్టకుండా నూనెనో, మైనమో, లక్కలాంటి పూతనో పూసి పంపుతారు. అది పూర్తిగా పోకుండా దాని మీద చేసిన సీజనింగ్ ఎన్నిసార్లు చేసినా ఊడుతుంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. బంక మీద తినే సోడా ముద్ద పట్టించి, వేడి నీళ్ళతో, స్టీలు పీచుతో బంకంతా పోయే దాకా తోమండి. సగం ఉంచి సగం తీయడం వద్దు. ఉక్కు వెండిలా బయటపడాలి. తుప్పు చుక్కలకు వెనిగర్ స్నానం అక్కర్లేదు, ఎమరీ కాగితంతో చుక్కల దగ్గర రుద్దితే చాలు. ఆరబెట్టి, ముందు చెప్పినట్టు పలచటి పొరలు వేయండి. కాచేటప్పుడు ఉక్కు లేత పసుపు, గోధుమ, నీలం రంగులకు మారుతుంది. నీలం చూసి మాడిందనుకోకండి, ఆ వేడికి ఉక్కు సహజంగా తిరిగే రంగు అది.

ఏ నూనె అని చాలామంది అడిగారు. ఇంట్లో ఉన్న రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె ఈ పనికి బాగుంటుంది. తవుడు నూనె, వేరుశనగ నూనె, నువ్వుల నూనె కూడా పనికొస్తాయి, ఒకటి రెండు పొరలు ఎక్కువ వేయాలి. కొబ్బరి నూనె, నెయ్యి వద్దు. వాటిలోని కొవ్వు గట్టి పొరగా మారే రకం కాదు. అవిసె నూనె అద్దంలా మెరిసే పొరనిస్తుంది కాబట్టి వీడియోల్లో దాన్ని మెచ్చుకుంటారు. మేం మాత్రం వద్దంటాం. ఆ పొర పెళుసు, అట్లకాడ తగిలితే రేకులు రేకులుగా లేస్తుంది.

మాది చిన్న టిఫిన్ సెంటర్. రెండు నెలలు మూసి తెరిచేసరికి దోసె ప్లేటంతా తుప్పు. అంత బరువైనదాన్ని ముంచలేం. దోసెలు అంటుకుపోతున్నాయి.
– ఒక పాఠకుడు, అనంతపురం

ముంచవద్దు, పులుపూ వద్దు. ప్లేటు అతుకుల్లోకి, కింద బర్నర్ల మీదికి వెనిగర్ కారితే అక్కడ కొత్త తుప్పు మొదలవుతుంది. మీకు నూనె పద్ధతే సరిపోతుంది. ప్లేటును గోరువెచ్చగా కాచి, మంట ఆర్పి, గుప్పెడు రాళ్ళ ఉప్పు, దాని మీద పావు లీటరు చవక వంటనూనె వేయండి. పెద్ద ప్లేటైతే భాగాలుగా చేయండి. 120 నంబరు ఎమరీ కాగితాన్ని చెక్క ముక్కకు చుట్టి, ఒకే దిక్కుగా పొడవునా రుద్దండి. నూనె తుప్పు పొడిని తేల్చి పట్టుకుంటుంది, ఎగరనివ్వదు. ఎర్రటి బురదను గీకే పట్టీతో ఒక మూలకు లాగి గుడ్డతో ఎత్తేయండి. తుడిచిన తెల్లగుడ్డకు ఎరుపు అంటకుండా అయ్యేదాకా ఇంతే. తర్వాత వేడి నీళ్ళు, సబ్బుతో ఉప్పు ఒక్క రేణువు లేకుండా కడగండి. ఉప్పు మిగిలితే రేపటికల్లా తుప్పు మళ్ళీ వస్తుంది. ఆ వెంటనే కాచి ఆరబెట్టండి.

ప్లేటును గ్రైండర్ యంత్రంతో అరగదీయించమని ఎవరైనా చెబితే ఆలోచించండి. ముతక రాయి గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పిండి ఇరుక్కుని ప్రతి దోసే అక్కడే చిరుగుతుంది. తప్పనిసరైతే ఎమరీ రెక్కలున్న ఫ్లాప్ డిస్క్, ముందు 80, తర్వాత 120 వాడమనండి. పని చేసేవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

తర్వాత నాలుగు పలచటి పొరలు వేసి, ఉల్లిపాయను సగానికి కోసి నూనెలో ముంచి రుద్దండి. మొదటి అయిదారు దోసెలు అమ్మకానికి కాదు. అప్పటికీ అంటుకుంటుంటే తప్పు ప్లేటుది కాకపోవచ్చు. నీళ్ళు చిలకరిస్తే చుక్కలు ముత్యాల్లా దొర్లాయంటే ప్లేటు మరీ కాగింది, పిండి పరచుకోదు. నీళ్ళు, చీపురుతో వేడి తగ్గించి, చిలకరించిన నీళ్ళు చురచురమని ఇగిరిపోయే వేడిలో వేయండి. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు పిండి చారలను అలాగే వదలకండి. ఆ పిండిలో పులుపు, ఉప్పు రెండూ ఉంటాయి. ప్లేటు వెచ్చగా ఉండగానే గీకి, తుడిచి, నూనె గుడ్డ ఒకసారి ఆడించి వెళ్ళండి. దుకాణం ఇంకోసారి చాలా రోజులు మూయాల్సి వస్తే నూనె కాస్త ఎక్కువ పట్టించి పైన పొడి కాగితాలు పరచండి.

తుప్పు పట్టిన పెనం మీద వండిన తిండి తింటే ధనుర్వాతం వస్తుందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

రాదు. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా మట్టిలో, పేడలో ఉంటుంది, లోతైన గాయాల ద్వారా ఒంట్లో చేరుతుంది. తుప్పు మేకు గుచ్చుకుంటే సూది వేయించుకోమనేది గాయం వల్ల, తుప్పు వల్ల కాదు. కూరలో రవ్వంత తుప్పు కలిస్తే ఇనుపవాసన తప్ప హాని లేదు. అలాగని తుప్పుతో వండమని కాదు. తలసీమియా వంటి జబ్బులతో తరచూ రక్తం ఎక్కించుకునేవారికి ఒంట్లో ఇనుము ఎక్కువయ్యే ప్రమాదం ఉంటుంది. ఇనప పాత్రల్లో వండవచ్చా అని వారు డాక్టరును అడగాలి.

వంకాయ కూర, అరటికాయ వేపుడు ఇనప మూకుట్లో చేస్తే నల్లబడుతున్నాయి. తుప్పేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

తుప్పు కాదు. ఆ కాయల్లోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నల్లరంగు పుట్టిస్తాయి. సీజనింగ్ గట్టిగా ఉన్న మూకుట్లో ఇది తక్కువ. కొత్తగా తుప్పు తీసిన మూకుట్లో ఎక్కువ. వండిన కూరను మూకుట్లోనే వదిలేయకుండా వెంటనే స్టీలు గిన్నెలోకి తీయండి. పెనం తుడిచిన గుడ్డకు ఏ రంగు అంటిందో చూస్తే అనుమానం తీరుతుంది. ఎర్రగానో, నారింజ రంగులోనో ఉంటే తుప్పు. నల్లగా ఉంటే మాడిన నూనె, మసి.

అమెరికాలో ఉంటున్నాం. పాత పోత ఇనుము స్కిల్లెట్ కొన్నాం, నిండా తుప్పు. అవెన్ సెల్ఫ్ క్లీనింగ్‌లో పెట్టమని ఒకరు, బ్యాటరీ చార్జర్‌తో ఎలక్ట్రాలసిస్ చేయమని ఇంకొకరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, డాలస్

సెల్ఫ్ క్లీనింగ్, అంటే అవెన్ బాగా కాగి లోపలి జిడ్డును తానే కాల్చేసుకునే పద్ధతి, వద్దు. ఆ వేడికి పాత నూనె పొర కాలిపోతుందిగాని తుప్పు పోదు. పాత పోత ఇనుము వంకర పోవచ్చు, బీట కూడా ఇవ్వవచ్చు. ఎలక్ట్రాలసిస్, అంటే నీళ్ళలో కరెంటు పంపి తుప్పు వదిలించడం, మాత్రం నిజంగా మంచి పద్ధతి. అది పులుపులా మంచి ఇనుమును తినదు కాబట్టి ఎక్కువసేపు ఉంచినా నష్టం లేదు. ప్లాస్టిక్ టబ్బులో నాలుగు లీటర్ల నీళ్ళకు ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా కలపండి. 12 వోల్టుల చార్జర్ నెగటివ్ క్లిప్పు స్కిల్లెట్‌కు, పాజిటివ్ క్లిప్పు పనికిరాని మామూలు ఇనప ముక్కకు. రెండూ నీళ్ళలో ఒకదానికొకటి తగలకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు, దానిలోని క్రోమియం విషపు రూపంలో నీళ్ళలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, మండే వాయువు. అందుకని ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ముట్టుకునే ముందు ప్లగ్ తీయాలి.

ఒక్క పెనం కోసం ఇదంతా అమర్చుకోవడం ఎందుకనుకుంటే వెనిగరే చాలు. సీజనింగ్‌కు మీ అవెన్ మా గ్యాస్ స్టవ్ కన్నా మేలు, వేడి అంతటా సమంగా తగులుతుంది. నూనె రాసి తుడిచేసిన స్కిల్లెట్‌ను బోర్లించి 230 డిగ్రీల సెల్సియస్‌లో, అంటే 450 ఫారెన్‌హీట్‌లో గంటసేపు ఉంచి అవెన్‌లోనే చల్లారనివ్వండి. మూడు నాలుగు సార్లు చేయండి. కొన్ని క్లీనింగ్ పొడుల్లో ఆగ్జాలిక్ ఆమ్లం ఉంటుంది, తుప్పు మీద బాగా పని చేస్తుంది. కానీ అది కడుపులోకి పోకూడని విషం, చేతికి గ్లవ్స్ వేసుకుని వాడి, తర్వాత స్కిల్లెట్‌ను సబ్బుతో రెండుసార్లు కడగాలి. వెనిగర్ గానీ, ఈ పొడులు గానీ బ్లీచ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. హార్డ్‌వేర్ షాపులో అమ్మే రస్ట్ కన్వర్టర్ రంగులు వేసే ముందు వాడేది, వంట సామానుకు కాదు.

ఒకే పెనం మీద దోసెలు, చపాతీలు చేయకూడదంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

నిజమే. చపాతీకి పెనం నూనె లేకుండా ఎక్కువసేపు బాగా కాగుతుంది. ఆ వేడికి నూనె పొర కాలి పలచబడుతుంది, పొడిపిండి మాడి అంటుకుంటుంది. మర్నాడు దోసె చిరుగుతుంది, నీళ్ళు తగిలితే తుప్పు చుక్కలూ అక్కడే మొదలవుతాయి. రెండు పెనాలు పెట్టుకోలేకపోతే చపాతీలు అయ్యాక మాడిన పిండిని తుడిచి, పెనం వేడి మీదుండగానే ఒక పలచటి నూనె పొర వేసి పొగ వచ్చే దాకా కాచండి.

సముద్రం దగ్గర ఇల్లు. ఎంత నూనె రాసి పెట్టినా నెల తిరక్కుండానే పెనం తుప్పు, పైగా నూనె ముక్కవాసన.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సముద్రపు గాలిలోని ఉప్పు పెనం మీద చేరి చెమ్మను లాగుతుంది. నూనె ఎక్కువ రాయడం దీనికి మందు కాదు. కాగని పచ్చి నూనె అలాగే ఉండి ముక్కిపోతుంది, దుమ్ము పడుతుంది. రాసిన నూనెను తుడిచి, పొగ వచ్చే దాకా కాచి, చల్లారాక లోపల పెట్టండి. ముక్కవాసన వచ్చిన పెనాన్ని సబ్బుతో కడిగి మళ్ళీ కాచాలి. సబ్బు తగిలితే సీజనింగ్ పోతుందని భయపడకండి, గట్టిపడిన పొరను ఇప్పటి గిన్నెల సబ్బు ఏమీ చేయదు. దాన్ని పాడుచేసేది సింకులో రాత్రంతా నానడం.

పెనాన్ని సింకు కింది అరలో కాకుండా స్టవ్ దగ్గర గోడకు తగిలించండి. మూకుట్లో మూకుడు పెట్టాల్సి వస్తే మధ్యలో పొడి కాగితం వేయండి, మూత బిగించి పెట్టవద్దు. అన్నిటికన్నా మంచిది వారానికి రెండుసార్లయినా దాని మీద ఏదో ఒకటి చేయడం. ఊరెళ్ళే ముందు రోజు ఒక కాపు పొర వేసి, కాగితంలో చుట్టి, పాలిథిన్ కవరు మాత్రం వేయకుండా అటక మీద పెట్టండి. కవరు వేస్తే లోపలి చెమ్మ బయటికి పోదు.